బాడీ వివరాలు తెలుపగలరు

పొన్నగట్టు లంక,
జూన్ 10.

మెటీరియల్స్ ల్యాబ్ హిమబిందు మేడం గారికి,

పొన్నగట్టు లంక నుంచి చేపల చెరువుల వెంకట్రాజు నమస్కరించి రాసుకునేదేమనగా, ఇక్కడ మనుషులం అందరం బాగున్నామండి. ఫోన్లు బాగాలేవు. అందుకే ఈ ఉత్తరం.

మొన్న ఏలూరులో సెలూన్లో నా వంతు కోసం కూర్చుని పేపరు తిరగేస్తుంటే మీ ఫోటో కనబడింది. తాడేపల్లిగూడెం శ్రీ వారిజా ఇంజనీరింగ్ కాలేజీలో మీరు స్మార్ట్ ఫోన్ల బాడీలు గాజువి మంచివా, అల్యూమినియంవి మంచివా, ప్లాస్టిక్‌వి మంచివా అని పరీక్షలు చేస్తున్నారని, ఎవరైనా పోస్టులో రాసి అడగొచ్చని వేశారు. అంతవరకూ చించి జేబులో పెట్టుకున్నాను. వెనక పేజీలో సినిమా కబుర్లున్నాయట, సెలూను ఆయన నొచ్చుకున్నాడు.

మేడం గారండీ, మూడేళ్ళలో నావి మూడు ఫోన్లు పోయాయి. మొదటిది వెనకాల గాజు. అద్దంలా ఉందని ముచ్చటపడి కొన్నాను. చెరువు గట్టు మీద జారింది. తియ్యబోయేసరికి సాలెగూడు. రెండోది అల్యూమినియం. పడవలో ఎండకి పెట్టాననుకోండి, పెనంలా కాలేది, హలో అంటే చెవి చురుక్కుమనేది. ఒకసారి పడి మూల సొట్టపోయింది, సొట్టపోయిన చోట తెర పైకి లేచింది, లేచిన సందులోంచి నీళ్ళు వెళ్ళాయి. మూడోది వెనకాల తోలు అంటించినది. పట్టుకుంటే జారదు, బాగుందనుకున్నాను. చేపల మేత చేత్తో పట్టుకున్నాను కదండీ, ఆ వాసనకి చెరువు దగ్గర కుక్క దాన్ని ఎత్తుకుపోయి వరిగడ్డిలో పడుకుని శుభ్రంగా నమిలింది.

మా పక్క చెరువు నరసరాజు టైటానియం కొను అంటాడు. విమానాలకి అదే వాడతారట. విమానానికి పనికొచ్చింది చెరువు గట్టుకి పనికొస్తుందాండీ? వానలు ముదిరేలోపు నాకు ఫోను చాలా అవసరం. ఏ బాడీ కొనమంటారో చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
తమ విధేయుడు,
వెంకట్రాజు.

తా.క. నరసరాజు తన టైటానియం ఫోనుకి గీతలు పడతాయని స్టీలు టిఫిను డబ్బాలో పెట్టుకు తిరుగుతాడు. ఫోను మోగితే మూత తీసేలోపు ఆగిపోతుంది.


తాడేపల్లిగూడెం,
జూన్ 16.

శ్రీ వెంకట్రాజు గారికి,

నమస్కారములు. మీ ఉత్తరం అందినది. మా ల్యాబ్‌ను సంప్రదించినందుకు ధన్యవాదములు. పరీక్షల నిమిత్తం ఈ దిగువ ఫారం పూర్తి చేసి, పోస్టు ద్వారా మాత్రమే పంపగలరు.

బాడీ వివరాలు తెలుపగలరు:
బాడీ వయసు.
బరువు.
మందం.
దేనితో చేయబడినది.
ఎంత ఎత్తు నుంచి, ఎన్నిసార్లు కింద పడినది.
పగుళ్ళు, గీతలు, సొట్టలు.
నీటిలో ఎంతసేపు ఉన్నది.
ఏ సందర్భంలో వేడెక్కును.
ఇదివరకు విప్పి రిపేరు చేసి ఉన్నచో ఆ వివరాలు.

భవదీయ,
డాక్టర్ హిమబిందు,
అసిస్టెంట్ ప్రొఫెసర్, మెటీరియల్స్ ల్యాబ్.


పొన్నగట్టు లంక,
జూన్ 21.

హిమబిందు మేడం గారికి వెంకట్రాజు నమస్కారాలు.

మీ ఫారం చూసి ముందు కొంచెం బిత్తరపోయానండి. ఫోను సంగతి అడిగితే నా బాడీ సంగతి అడుగుతారేమిటా అని. మా ఆవిడ సీతారత్నం తెలివైన మనిషి. "చొక్కా కుట్టాలంటే దర్జీ కొలతలు తీసుకోడా? ఫోను వాడే మనిషి ఎలాంటివాడో తెలియకుండా ఏ ఫోను కొనాలో ఆవిడ మాత్రం ఎలా చెబుతుంది?" అంది. నిజమే కదా అనిపించి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

వయసు: యాభై నాలుగు నిండాయి.
బరువు: ఎనభై రెండు కిలోలు. రైసు మిల్లు కాటా మీద తూగాను. చెప్పులు విప్పలేదు.
మందం: నడుం దగ్గర నలభై అంగుళాలు. భోజనం చేశాక ఇంకో అంగుళం.
దేనితో చేయబడినది: ఇది నాకు తెలియక మా పురోహితుడు గారిని అడిగాను. పంచభూతాలతో అన్నారు.
పడినది: కొబ్బరిచెట్టు మీంచి ఒకసారి, చిన్నప్పుడు. గట్టు మీంచి లెక్కపెట్టలేదు.
పగుళ్ళు: రెండు మడమలకీ ఉన్నాయి. వేసవిలో ఎక్కువ. సొట్ట ఒకటి తల వెనకాల, పుట్టుకతో వచ్చింది.
నీటిలో: రోజూ రెండు గంటలు, నడుం దాకా.
వేడెక్కడం: సీతారత్నం వాళ్ళ పుట్టింటి వాళ్ళ గొప్పలు చెప్పినప్పుడు.
విప్పి రిపేరు: ఒకసారి ఏలూరు ఆస్పత్రిలో విప్పి అపెండిక్స్ తీశారు. మళ్ళీ ఇబ్బంది రాలేదు.

ఇంకేమైనా కావాలంటే మొహమాటపడకుండా అడగండి.

ఇట్లు,
వెంకట్రాజు.

తా.క. బరువు దగ్గర డెబ్భై ఎనిమిది అని రాయబోయాను. సీతారత్నం పక్కనే నిలబడింది.


తాడేపల్లిగూడెం,
జూన్ 28.

శ్రీ వెంకట్రాజు గారికి,

మీరు పంపిన బాడీ వివరాలు అందినవి. తదుపరి పరీక్షల నిమిత్తం బాడీని ల్యాబ్‌కు పంపగలరు. పనిచేయని బాడీ అయినను ఫర్వాలేదు. పంపే ముందు బ్యాటరీ తీసివేయవలెను. బాడీని అడ్డంగా కోసి, ముక్కలను మైక్రోస్కోపు కింద పరిశీలించెదము. పరీక్ష పూర్తయిన పిదప బాడీ తిరిగి ఇవ్వబడదు. ఆర్టీసీ పార్శిల్‌లో పంపువారు అట్టపెట్టెలో గట్టిగా కట్టి పంపవలెను.

భవదీయ,
డాక్టర్ హిమబిందు.


పొన్నగట్టు లంక,
జూలై 4.

అమ్మా హిమబిందు మేడం గారూ,

మీకు నేనేం అపకారం చేశానండీ?

మీ ఉత్తరం వచ్చినప్పుడు వీధి అరుగు మీద నేనూ, నరసరాజూ టీ తాగుతున్నాం. కళ్ళజోడు లోపలుండి, చదవమని అతనికే ఇచ్చాను. అదే నేను చేసిన పొరపాటు. "అడ్డంగా కోసి" అనే దగ్గర అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు. "తిరిగి ఇవ్వబడదు" అనే దగ్గర లేచి నిలబడ్డాడు. నేను కళ్ళజోడు తెచ్చుకునేలోపు లంక చివరి దాకా వెళ్ళిపోయింది కబురు, వెంకట్రాజు ఒళ్ళు కాలేజీకి రాసిచ్చేశాడని.

సాయంత్రానికి పంచాయతీ ఆఫీసులో సభ పెట్టారండి. శరీరదానం చేసిన మొదటి మనిషినట. వద్దు మొర్రో అంటుంటే శాలువా కప్పారు, దండ వేశారు. సర్పంచి గారు మైకు పట్టుకుని, "వెంకట్రాజు గారు మన మధ్య లేకపోయినా ఆయన ఆశయం మన మధ్యే ఉంటుంది" అన్నారు. నేను ఆయనకి ఎదురుగా మొదటి వరుసలో కూర్చుని ఉన్నాను. ఒక నిమిషం మౌనం కూడా పాటించారు. నేనూ లేచి నిలబడ్డాను, బాగోదని.

ఇప్పుడు నేను వీధిలోకి వస్తే ఆడవాళ్ళు జాలిగా చూస్తున్నారు. పిల్లలు "అట్టపెట్టె వచ్చిందా తాతా?" అని అడుగుతున్నారు.

మేడం గారండీ, బ్యాటరీ తీసి పంపమన్నారు. గుండెలో బ్యాటరీ ఉన్నది మా బావగారికండి, నాకు కాదు. పనిచేయని బాడీ అయినా ఫర్వాలేదన్నారు. నేను పని చెయ్యనని సీతారత్నం రోజూ అంటూనే ఉంటుంది గాని, ఆ మాట గూడెం దాకా ఎలా వచ్చిందండీ?

నాకు ఫోను వద్దు, పరీక్ష వద్దు. దయచేసి మీ కాగితాల్లో నా పేరు కొట్టెయ్యండి.

ఇట్లు,
ఇంకా ఉన్న,
వెంకట్రాజు.

తా.క. ఇది సీతారత్నం రాస్తున్నాను. ముప్ఫై ఏళ్ళుగా అలవాటైన మనిషండి. కోస్తే ఊరుకోను. కావాలంటే ఫోటో పంపుతాను.


తాడేపల్లిగూడెం,
జూలై 9.

వెంకట్రాజు గారికి, సీతారత్నం గారికి,

మీ ఇద్దరికీ చేతులు జోడించి రాస్తున్నాను. ఇది లెటర్‌హెడ్ మీద కాదు, నా నోట్‌బుక్‌లో కాగితం చించి రాస్తున్నాను.

తప్పంతా నాదే. ఆ ఫారంలో ఎక్కడా ఫోను అన్న మాటే లేదని మీ ఉత్తరం చదివాకే చూసుకున్నాను. "బాడీ" అంటే ఫోను బాడీ అండి. పైగా పరీక్ష పేపర్లు దిద్దే పనిలో ఉండి మీరు పంపిన ఫారం చదవకుండానే, రెండో ఉత్తరం మీద సంతకం పెట్టేశాను. నిన్న మీ రెండుత్తరాలూ వరసగా చదివాను. పంచభూతాల దగ్గర నవ్వాపుకోలేకపోయాను. శాలువా దగ్గరికి వచ్చేసరికి సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సర్పంచి గారికి వేరేగా ఉత్తరం రాస్తున్నాను, మీరు పూర్తిగా మీ దగ్గరే ఉంటారని.

మీరడిగిన దానికి ఇప్పుడైనా మనుషుల భాషలో జవాబు చెప్తాను.

గాజు చూడ్డానికి అందం. తొందరగా గీతలు పడవు, సిగ్నల్ ఆపదు. కానీ గాజు గాజే, ఎంత గట్టి గాజైనా రాయి మీద పడే తీరును బట్టి దాని ఆయుష్షు. అల్యూమినియం మన ఇళ్ళలో గిన్నెల్లాంటిది. పగలదు, సొట్టపోతుంది. గిన్నెకి సొట్టపోతే అన్నం ఉడుకుతుంది గాని, ఫోనుకి సొట్టపోతే తెర లేస్తుంది, మీకు జరిగినట్టే. వేడిని తొందరగా పుచ్చుకుంటుంది కూడా. స్టీలు గట్టిదే గాని బరువు. టైటానియం స్టీలంత గట్టిది, అంతకంటే తేలిక, తుప్పు పట్టదు. అయితే ఫోనంతా టైటానియం ఉండదండి, చుట్టూ అంచు మాత్రమే ఉంటుంది. వెనకాల మళ్ళీ గాజే. ఈ సంగతి నరసరాజు గారికి నేను చెప్పానని అనకండి. ఇక ప్లాస్టిక్. దాన్ని అందరూ చిన్నచూపు చూస్తారు. కానీ బిందె చెయ్యి జారితే ఏం చేస్తుంది? ఎగిరి పడుతుంది, దెబ్బ మింగేస్తుంది, మళ్ళీ నీళ్ళు పడతాం.

ఇంకో మాట దాచకుండా చెప్తాను. మా ల్యాబ్‌కి ఈ ఏడాది బయటి నుంచి వచ్చిన ఉత్తరం మీదొక్కటే. ఆగస్టులోపు బయటివాళ్ళకి పనికొచ్చే పని ఏదైనా చూపించకపోతే గది జిరాక్స్ సెంటరుకి ఇచ్చేస్తామన్నారు ప్రిన్సిపాల్ గారు. అందుకే మీ పేరు కొట్టెయ్యడానికి నాకు చెయ్యి రావడం లేదు. వానల్లోపు ఫోను అంత అవసరం ఎందుకో చెప్తారా?

మీ,
హిమబిందు.

తా.క. సీతారత్నం గారూ, ఫోటో వద్దండి. మనిషిని జాగ్రత్తగా చూసుకోండి, చాలు.


పొన్నగట్టు లంక,
జూలై 18.

అమ్మాయి హిమబిందుకి,

మేడం గారూ అని రాయబోతే సీతారత్నం, "అంత మర్యాదగా క్షమాపణ చెప్పిన పిల్లని ఇంకా మేడం అంటారేమిటి" అంది. తప్పయితే చెప్పమ్మా, మళ్ళీ మారుస్తాను.

ఎందుకు అని అడిగావు. చెప్తాను. మా లంకకి ఉన్నది ఒక్కటే రోడ్డు. పైన గట్టిగా వానలు పడి తమ్మిలేరు, బుడమేరు వచ్చి కొల్లేట్లో కలిసినప్పుడు ఆ రోడ్డు మునిగిపోతుంది. అప్పుడు ఎవరికి బాగోకపోయినా మెయిన్ రోడ్డు దాకా పడవలో దించాలి, అక్కడికి 108 వస్తుంది. ఆ పడవ నాది. మా ఆశా వర్కరు క్రిస్టినా నాకు ఫోను చేస్తుంది, నేను వెళ్తాను. ఇది మా నాన్నగారి నాటి నుంచి ఉన్నదే. అప్పుడు కేక వేసేవారు, ఇప్పుడు ఫోను.

పోయిన సెప్టెంబరులో జ్ఞానయ్య గారికి మడి గట్టు మీద పాము కరిచింది. క్రిస్టినా ఫోను చేసింది. నా చేతిలో ఆ పగిలిన గాజు ఫోనే, దాని తెర కూడా దెబ్బతింది. మోగుతోందమ్మా. పేరు కనబడుతోంది. వేలితో తోస్తే కదలదు. మళ్ళీ మోగింది. మళ్ళీ తోశాను. ఏదో మేత కంపెనీ గొడవ అయ్యుంటుందిలే అని నాకు నేను చెప్పుకోడానికి కూడా లేదు, పేరు కనబడుతోంది కదా. చివరికి ఆ పిల్ల నడుంలోతు నీళ్ళలో మా ఇంటికి నడిచొచ్చింది. ముప్పావుగంట పోయింది. జ్ఞానయ్య గారు బతికారు. కానీ ఇప్పటికీ ఎడం చెయ్యి పిడికిలి బిగించలేరు. ఆయన ఒక్కనాడు నన్నేమీ అనలేదు. కనబడితే ఆ ఎడంచెయ్యే ఎత్తి నమస్కారం పెడతారు.

అదమ్మా నా ఫోను సంగతి. కోపం వచ్చి వద్దన్నాను గాని, అది అవసరమే.

నీ గది జిరాక్సు వాళ్ళకి పోవడం మాకిష్టం లేదు. సభలో నాకు శాలువా కప్పిన వాళ్ళందరినీ అడిగాను, నా ఒళ్ళు దక్కింది, మీ పాడైన ఫోన్లు ఇవ్వండి అని. గోనెసంచి నిండా వచ్చాయి. రేపు ఆర్టీసీ పార్శిల్‌లో వేస్తున్నాను. హాయిగా కోసుకో.

ఇట్లు,
వెంకట్రాజు.

తా.క. టైటానియం అంచు మాత్రమేనని నరసరాజుకి నువ్వు చెప్పావని అనలేదు. నేనే కనిపెట్టానన్నాను. రెండు రోజుల నుంచి మాట్లాడ్డం లేదు.


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 2.

వెంకట్రాజు గారికి,

అమ్మాయీ అన్నారు కాబట్టి, మార్చకండి.

సంచి అందింది. నలభై ఒక్క ఫోన్లు. వాటిని టేబుల్ మీద పరిచినప్పుడు గదంతా చేపల వాసన. నా దగ్గర ప్రాజెక్టు చేస్తున్న తేజశ్రీ ముక్కుకి చున్నీ కట్టుకుని మరీ ఒక్కొక్కటీ విప్పింది. జ్ఞానయ్య గారి సంగతి ఆ పిల్లకి చదివి వినిపించాను. ఆ తరవాత చున్నీ తీసేసి పనిచేసింది.

తేలిందేమిటంటే, గాజు వెనక ఉన్నవి పద్దెనిమిది. అందులో పదిహేను పడి పగిలినవే. అల్యూమినియంవి తొమ్మిది, అన్నిటికీ మూలలే దెబ్బతిన్నాయి, ఆ సందుల్లోంచి తడి వెళ్ళింది. ప్లాస్టిక్‌వి పదమూడు. ఒళ్ళంతా గీతలు, రంగు పోయింది, చూడ్డానికి అన్నిటికంటే అన్యాయంగా ఉన్నాయి. కానీ బాడీ పగిలి చచ్చింది వాటిలో ఒక్కటే. మిగతావాటికి ఛార్జింగ్ పెట్టే రంధ్రంలోంచి నీళ్ళు వెళ్ళాయి, అంతే. మేం ఇన్నాళ్ళూ ల్యాబ్‌లో శుభ్రమైన నేల మీద ఫోన్లు పడేసి చూస్తున్నాం. గట్టు మీద రాయి, బురద చెయ్యి, ఎండ, మేత వాసన మా లెక్కలో లేవు.

కాబట్టి మీకు నా మాట. ప్లాస్టిక్ బాడీ ఫోను తీసుకోండి. అంచులు తెర కంటే కొంచెం ఎత్తుగా ఉండే రబ్బరు కవరు వేయించండి. పడవెక్కేటప్పుడు నీళ్ళు చొరని సంచిలో పెట్టి తాడుతో మెడలో వేసుకోండి. సంచి మీంచే వేలు పనిచేస్తుంది, నేను బకెట్లో ముంచి చూశాను. సంచి ఒకటి ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

మీ,
హిమబిందు.

తా.క. నలభై ఒకటి అన్నాను గాని, అందులో ఒకటి టీవీ రిమోటు. తెలియక దాన్నీ పరీక్షించాం. అన్నిటికంటే అదే గట్టిగా ఉంది.


ఏలూరు,
ఆగస్టు 19.

అమ్మాయి హిమబిందుకి,

నువ్వు చెప్పిన ఫోనే కొన్నాను. ప్లాస్టిక్ బాడీ, రబ్బరు కవరు. ఇది ఏలూరు ఆస్పత్రి మంచం మీంచి రాస్తున్నాను. కంగారుపడకు, ఫోనుకి ఏమీ కాలేదు.

మొన్న చినుకుల్లో గట్టు మీద నడుస్తుంటే కాలు జారింది. ఫోనూ నేనూ ఒకేసారి పడ్డాం. అదే గట్టు, అదే రాయి. ఫోను మీద ఒక్క గీత లేదమ్మా. నా కుడికాలు మోకాలి కింద రెండు ముక్కలైంది. పడుకునే చెయ్యి చాపి ఫోను అందుకుని నరసరాజుకి చేశాను. మూడోసారికి మూత తీశాడు.

కాలికి ప్లేటు వెయ్యాలట. స్టీలా, టైటానియమా అని అడిగారు డాక్టరు గారు. నేను ఆయన్ని మూడు ప్రశ్నలు అడిగాను. బరువెంత, తుప్పు పడుతుందా, అంచు ఒకటే టైటానియమా లేక మొత్తం అదేనా అని. మీరేం చేస్తుంటారు అన్నారు. చేపల చెరువులన్నాను. నమ్మలేదు. నువ్వేమంటావు?

నవ్వు కోసం రాస్తున్నాను గాని, లోపల బాగాలేదమ్మా. మూడు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు. మంచి ఫోను వచ్చింది, ఎత్తడానికి నేనున్నాను, ఎత్తి ఏం చెయ్యను? ఇంకో పది రోజుల్లో నీళ్ళొస్తాయి. నరసరాజు మనిషి మంచివాడే, కానీ పడవంటే భయం, ఎక్కితే కళ్ళు మూసుకుంటాడు.

ఇట్లు,
వెంకట్రాజు.

తా.క. సీతారత్నం పక్కనే ఉంది. ఏమీ అనడం లేదు. అదే నాకు భయంగా ఉంది.


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 23.

వెంకట్రాజు గారికి,

ప్లేటు సంగతి డాక్టరు గారు ఏది చెబితే అదే వేయించుకోండి. ఎముక నా సబ్జెక్టు కాదు, ఈసారి ఏ బాడీ గురించి మాట్లాడుతున్నానో జాగ్రత్తగా చూసుకునే రాస్తున్నాను.

మీకో మంచి మాట. మీ సంచి ఫోన్ల రిపోర్టు ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాను. రెండుసార్లు చదివారు. జిరాక్స్ సెంటరు మెట్ల కింద పెట్టుకోమన్నారు. పక్క ఊళ్ళ నుంచి కూడా పాడైన ఫోన్లు తెప్పించమన్నారు. తేజశ్రీ ఇప్పుడు ముక్కుకి చున్నీ కట్టుకోవడం లేదు, చేతికి గ్లవ్స్ అడుగుతోంది.

కానీ నా మనసు మీ పడవ మీదే ఉంది. నిన్నటి నుంచి ఇక్కడ వాన ఆగలేదు. వెంకట్రాజు గారూ, పడవ ఎవరు నడుపుతారు?

మీ,
హిమబిందు.


పొన్నగట్టు లంక,
సెప్టెంబరు 3.

చిరంజీవి హిమబిందుకి,

నీ ఉత్తరం వచ్చేసరికి ఆయన్ని ఇంటికి తీసుకొచ్చేశాం. నేనే విప్పి చదివాను. పడవ ఎవరు నడుపుతారని అడిగావు. నేనమ్మా, సీతారత్నాన్ని.

సోమవారం మధ్యాహ్నం రోడ్డు మీదికి నీళ్ళు వచ్చాయి. మంగళవారం మేం భోజనాలు చేస్తుండగా ఫోను మోగింది. ఈయన మొదటి రింగుకే ఎత్తారు. క్రిస్టినా. మా లంక బడిలో టీచరు ప్రభావతికి నొప్పులు మొదలయ్యాయి, ఇంకా మూడు వారాలుంది అనుకుంటుంటే. ఈయన "వస్తున్నా" అనేశారు. అని, కర్ర పట్టుకుని లేవబోయి, లేవలేక మంచం పట్టె పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఈయన కళ్ళలో నీళ్ళు చూడ్డం నాకు అదే మొదలు.

నేను చెయ్యి కడుక్కుని ఫోను సంచిలో పెట్టి మెడలో వేసుకున్నాను. "ఎక్కడికి?" అన్నారు. "పడవ దగ్గరికి" అన్నాను. "నీకేం తెలుసు?" అన్నారు.

మాది కూడా లంకేనమ్మా, కొల్లేటికి అవతలి వైపు. నా ఎనిమిదో ఏట నుంచి గెడకర్రతో పడవ తోసుకుంటూ బడికి వెళ్ళేదాన్ని. మా తమ్ముళ్ళిద్దరినీ ఎక్కించుకుని. పెళ్ళయి వచ్చిన కొత్తలో గెడ పట్టుకుంటే మా అత్తగారు, ఆడపిల్లలు చేసే పని కాదు, లోపలికి రా అన్నారు. వచ్చాను. ఆ తరవాత ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

గెడ చేతిలోకి తీసుకుని పడవ నెట్టాను, దాన్ని వదిలేసి ఎన్నాళ్ళయిందనుకున్నావు? ముప్ఫై ఏళ్ళు. పడవ ఒకసారి గిర్రున తిరిగింది కూడా. ఒడ్డున ఉన్నవాళ్ళు "అమ్మో" అన్నారు. రెండోసారి గెడ నేలకి తగలగానే ఎక్కడ ఎంత నొక్కాలో చెయ్యి దానికదే చెప్పింది. క్రిస్టినానీ, ప్రభావతినీ ఎక్కించుకుని బయల్దేరాను. పల్లపు బాడవలో గుర్రపుడెక్క మొక్కలు అడ్డుపడితే క్రిస్టినా పక్కకి నెట్టింది, నేను సందు చూసి పోనిచ్చాను. ప్రభావతి పళ్ళు బిగబట్టి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది, ఎక్కడా కేక వెయ్యలేదు. దారి మధ్యలో మెడలో ఫోను మోగింది. 108 వాళ్ళు. చేతులు తడి, పైన వాన. సంచి మీంచే వేలుతో తోశాను. కదిలింది. "మెయిన్ రోడ్డు మీద ఉన్నామండి, ఎక్కడిదాకా వచ్చారు?" అన్నారు. "కనబడుతున్నారు బాబూ, అక్కడే ఉండండి" అన్నాను.

ఏలూరు చేరిన గంటకి ఆడపిల్ల పుట్టిందట. ఇద్దరూ బాగున్నారు.

తిరిగొచ్చేసరికి ఈయన వీధి అరుగు మీద కుర్చీలో, కాలు బల్ల మీద పెట్టుకుని, తడిసిపోయి కూర్చున్నారు. లోపలికి వెళ్ళమంటే వెళ్ళలేదట. నా చేతిలోంచి గెడ తీసుకుని పక్కన పెట్టారు. తరవాత, "ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నారు. "మీరు ఫోన్లు పగలగొట్టుకోవడంలో తీరిక లేకుండా ఉన్నారు" అన్నాను. ముందు ఆయన నవ్వారు, తరవాత నేను.

నిన్న మళ్ళీ కబురొస్తే వెళ్ళాను, బియ్యం బస్తాల కోసం. ఈసారి పడవ తిరగలేదు. జ్ఞానయ్య గారి మనవరాళ్ళు ఇద్దరు గెడ నేర్పమని అడిగారు. నీళ్ళు తియ్యగానే మొదలుపెడతాను. ఆయన కాలు బాగయ్యాక కూడా ఒకరోజు ఆయన, ఒకరోజు నేను అని మాట్లాడుకున్నాం. అందుకని నాకూ ఒక ఫోను కావాలి. ప్లాస్టిక్‌దే. రంగు మాత్రం ఎర్రది ఉంటే చూడు.

ఇకమీదట ఉత్తరం రాసేటప్పుడు కవరు మీద నా పేరు రాయమ్మా. పోస్టుమాన్‌కి చెప్పేశాను.

ఇట్లు,
మీ పిన్ని,
సీతారత్నం.

తా.క. ఈయన అరుగు మీద కూర్చుని గెడ ఎలా వెయ్యాలో రోజంతా నాకు పాఠం చెబుతున్నారు. ఫోనుని సైలెంట్‌లో పెట్టడం నేర్చుకున్నాను. దీనికి మీ ల్యాబ్‌లో ఏమైనా ఉపాయం ఉంటే పోస్టులో పంపు.